ఆ బ్రాకెట్లో రెండు అంకె తీసెయ్

తమ్ముడూ,

మీ నాయినమ్మ పాటల మీద నువ్వు రాసి పంపిన నలభై పేజీలూ చదివాను. కష్టపడ్డావు, తెలుస్తోంది. మెచ్చుకోలు అయిపోయింది, ఇక తిట్లు.

మీ నాయినమ్మ పాడిన వరి నాటు పాట దగ్గర ప్రతి లైను చివరా బ్రాకెట్లో రెండు అంకె వేశావు, పాత సినిమా పాటల పుస్తకాల్లో వేసినట్టు. రెండుసార్లు పాడాలి, మళ్ళీ టైప్ చేసే ఓపిక నాకు లేదు అని అర్థం. కోపం వచ్చింది అక్కడే. నాటులో ఆ లైను ఒకామె ఎత్తుకుంటుంది, వరుసలో ఉన్న పదిహేను మంది అందుకుంటారు. రెండూ ఒకటెట్లా అవుతాయి నాయనా? వాళ్ళు అందుకున్నంతసేపూ ఎత్తుకున్నామె ఊపిరి తీసుకుంటుంది, ఎడమ చేతిలో కట్ట నుంచి నాలుగు నారు పోచలు తీసుకుంటుంది, బురదలో ఒక అడుగు వెనక్కి వేస్తుంది, తర్వాతి లైను వెతుక్కుంటుంది. దొరక్కపోతే అప్పటికప్పుడు అల్లేస్తుంది. ఒడ్డు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామి మీద కూడా అల్లుతుంది, ఆయన వింటూనే ఉంటాడు, ఏమీ అనలేడు, పాట మీద కోపం తెచ్చుకుంటే నలుగురూ నవ్వుతారు కదా. ఇదంతా జరిగేది ఆ రెండోసారిలోనే. నువ్వు దాన్ని ఒక అంకె చేసి పడేశావు.

దీని మీద నాకు పాత మంట ఒకటుంది. చెప్పకపోతే ఈ ఉత్తరం ముందుకు సాగదు. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక వారపత్రికకు బతుకమ్మ పాటల మీద వ్యాసం పంపాను, మా అమ్మ పాడిన పాట మొత్తం రాసి. అచ్చయి వచ్చాక చూస్తే మొదటి లైనులో తప్ప ఎక్కడా 'ఉయ్యాలో' లేదు. ఫోన్ చేస్తే ఎడిటర్ గారు, "ప్రతి లైనుకీ అదే మాట ఎందుకండీ, అరపేజీ కలిసొచ్చింది" అన్నారు. ఆ అరపేజీలో హోమియో మందుల ప్రకటన వేసుకున్నారు. బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్ళకు చప్పట్లు కలిసే చోటది. పాటంతా రాని పిల్ల కూడా గొంతు కలిపే చోటది. ఆ మాట తీసేస్తే ఒక్కామె పాడుతుంటే మిగతా అందరూ నోరు మూసుకుని గుండ్రంగా నడిచినట్టుంటుంది. మా అమ్మకు ఆ పత్రిక చూపించలేదు. ఆమెకు చదువు రాదు, అయినా చూపించలేదు.

ఇంకో పాట చూడు. వడ్లు దంచేటప్పుడు 'సువ్వి' అనేది రోకలితో పాటు పడాలి, ఇద్దరు ముగ్గురు ఒకే రోట్లో దంచుతుంటే ఎవరి రోకలి ఎప్పుడు పడాలో చెప్పేది ఆ మాటే. ఏతం తొక్కేవాళ్ళు ఎన్ని బానలు తోడారో లెక్క పాటలోనే పెట్టుకునేవాళ్ళు. ఆ అంకెలు కవిత్వం కావని ఏ పండితుడైనా కొట్టేస్తే మడికి నీళ్ళ లెక్క తప్పుతుంది.

మాట మార్చిన చోట్లు కూడా కొన్ని కనబడ్డాయి. నాయినమ్మ 'ఒచ్చె' అంటే నువ్వు 'వచ్చెను' అని రాశావు. ఆమెకు నువ్వేమైనా పంతులువా?

నేనేదో పుట్టుకతోనే ఇవన్నీ తెలిసినవాణ్ణని అనుకోకు. నేను చేసిన వెధవపని విను. అప్పు చేసి టేప్ రికార్డర్ కొన్న కొత్తలో పక్క ఊళ్ళో ఒక ముసలామె దగ్గరికి వెళ్ళాను, తిరగలి పాటలు బాగా వచ్చంటే. మంచం మీద కూర్చోబెట్టి మైకు నోటి ముందు పెట్టాను. రెండు లైన్లు పాడి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. "ఇట్ల కూసుంటే యాదికి రాదు బిడ్డా" అని లేచి, ఇంట్లోంచి శేరు కందులు తెచ్చి, తిరగలి ముందు కూర్చుంది. పిడి తిరగడంతోనే పాట వచ్చేసింది, గంటసేపు ఆగలేదు. ఇంటికొచ్చి వింటే గరగరా రాతి చప్పుడే, మాటలు సగం వినబడవు. పాడైపోయిందనుకున్నాను. కొన్నాళ్ళకు మా అక్క కొడుకు పెళ్ళికి అదే క్యాసెట్ మీద సినిమా పాటలు ఎక్కించాను. ఆ తిరగలి చప్పుడు ఎక్కడ ఆగేదో, గింజలు పోసే ఆ ఆగిన చోట ఆమె రాగం ఎంత సాగేదో ఇప్పుడు వినాలని ఉంది. ఎక్కడుంది?

పీహెచ్‌డీ చెయ్యమంటారా అని అడిగావు. చేసేదీ లేనిదీ నీ ఇష్టం. ముందు బిరుదురాజు రామరాజు గారిని చదువు. జానపద గేయాల మీద ఉస్మానియాలో ఆయన చేసిన పరిశోధన 1958లోనే పుస్తకంగా వచ్చింది. అంతకు చాలా ముందే, 1874లో, బాయిల్ అనే దొర, మొగలాయిల మీద తిరగబడ్డ సర్వాయి పాపడి పాటను 'ఇండియన్ యాంటిక్వెరీ' అనే పత్రికలో ఇంగ్లిషులో వేశాడు. వాళ్ళకు కాగితం తప్ప దిక్కు లేదు. నీ జేబులో ఫోన్ ఉంది, మెమరీకి కొదవ లేదు, అయినా నువ్వు కూడా అరపేజీ మిగుల్చుకుంటున్నావు!

ఇప్పటి 'ఫోక్ సాంగ్' వీడియోల గురించి నువ్వు రాసిన రెండు పేజీల తిట్లు మాత్రం తీసెయ్. డ్రోన్ షాట్లు, పట్టు లంగాలు, బురద అంటని నాట్లు, అన్నీ చూశాను. బరాత్‌లో అవే పాటలకు నేనూ ఎగిరాను, మోకాలు నొప్పి పుట్టేదాకా. ఆ ఏడుపు ప్రతివాడూ ఏడుస్తున్నాడు, నువ్వు కూడా ఎందుకు?

ఇక అసలు సంగతి. ఇరవై మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం పెట్టావు: కూకట్‌పల్లి ఫ్లాట్‌లో సోఫా మీద పాడుతూ నాయినమ్మ మధ్యలో ఆగి "నారు అందిందా?" అని అడిగిందని, ఆ 'అంతరాయం' వల్ల ఒక లైను పోయిందని. ఆ ఒక్క వాక్యం దగ్గర పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. అంతరాయమా అది? ఆమె ఎవరిని అడిగింది? ఎదురుగా ఉన్నది నువ్వు, నీకు నారు అందించడం రాదు. దాన్ని అక్కణ్ణుంచి పైకి తీసుకొచ్చి పాట మధ్యలో, ఆమె ఆగిన చోటే పెట్టు. నువ్వేం జవాబు చెప్పావో కూడా రాయి. చెప్పలేదా? అయితే చెప్పలేదనే రాయి.

నాయినమ్మ పాట రికార్డింగ్ కోత పెట్టని ఫైలు ఉంటే వాట్సాప్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లో పంపు. నువ్వు పంపిన ముక్కలో పదకొండో నిమిషం దగ్గర ఇంకో ఆడగొంతు సన్నగా అందుకుంటోంది. వంటింట్లోంచి అనుకుంటా. ఎవరది, మీ అమ్మా?