లెదర్ బ్యాగ్ మీద మెటల్ పిన్నులు ఊడకుండా ఉండాలంటే

చేత్తో కుట్టిన బ్యాగ్ ఫ్లాప్ మీద ఎనామిల్ పిన్నులు (రంగు నింపిన చిన్న మెటల్ బ్యాడ్జీలు) పెడితే రాలిపోతున్నాయని, గమ్‌తో అతికించవచ్చా అని అడిగారు. గమ్ జోలికి వెళ్లకండి. తోలు వంగుతుంది, మెటల్ వంగదు. కొన్నాళ్లకి గమ్ పెచ్చులా లేచి, తోలు పైనున్న ఫినిష్‌ని కూడా ఊడబెరుకుతుంది.

నేను బ్యాగులు, బెల్టులు కుట్టి అమ్ముతుంటాను. నేను చూసినంతలో తేడా అంతా పిన్ను వెనకే ఉంటుంది. పిన్నుతో పాటు వచ్చే రెక్కల క్లచ్ (వెనక నుంచి ముల్లుని పట్టి ఉంచే బిళ్ల) చొక్కాకి సరిపోతుంది గానీ, రోజూ ఊగే, ఒంటికి రాసుకునే బ్యాగ్‌కి ఆగదు. దాని బదులు లాకింగ్ క్లచ్ వేయండి. టోపీని పైకి లాగితే తప్ప రాదు. తోలుకీ క్లచ్‌కీ మధ్య రూపాయి బిళ్లంత తోలు ముక్క వేస్తే పట్టు ఇంకా బాగుంటుంది. తోలు మందంగా ఉండి ముల్లు క్లచ్ దాకా అందకపోతే, వెనక వైపు ఆ మేరకు చెక్కి పల్చన చేయండి. ఒక ముల్లున్న పిన్ను గిర్రున తిరుగుతుంది, రెండున్నవి కొనండి.

గుడ్డకి పడ్డ చిల్లు సర్దుకుంటుంది, తోలుకి పడ్డది అలాగే ఉండిపోతుంది. అందుకే ముందు కాగితం మీద పిన్నులు అమర్చి చూసుకోండి. చోటు ఖాయమయ్యాక ముల్లుని తోలు మీద మెల్లగా నొక్కితే చుక్క పడుతుంది. అక్కడ గుండ్రటి మొన ఉన్న ఆరెతో, ముల్లు కంటే కాస్త సన్నగా చిల్లు వేయండి. ముల్లునే బలవంతంగా గుచ్చితే అది వంగుతుంది, తోలు బుడిపెలా లేస్తుంది. ఫ్లాప్ మడత పడే చోట అసలు పెట్టకండి.

మళ్లీ తీసే ఉద్దేశం లేకపోతే పిన్నులు మానేసి స్క్రూతో వచ్చే ఇత్తడి బిళ్లలు తీసుకోండి. లైనింగ్ కుట్టకముందే బిగించాలి. స్క్రూ పొడవు తోలు మందానికి సరిగ్గా సరిపోవాలి, ఎక్కువైతే బిళ్ల లొటలొటలాడుతుంది. స్క్రూ మరల మీద, అది వదులవకుండా పట్టి ఉంచే నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేయండి. అది లేకపోతే రంగులేని నెయిల్ పాలిష్ కూడా పనిచేస్తుంది. పిన్నుకున్న ముల్లు కత్తిరించి, అక్కడ స్క్రూ సోల్డర్ చేయించుకోమని కొందరు చెప్తారు, కానీ పిన్ను మీది సాఫ్ట్ ఎనామిల్ రంగు ఆ వేడికి పాడవుతుంది.

ఇక మరకల సంగతి. అంచు కోసి చూస్తే లోపలి దాకా గోధుమ రంగే ఉందంటే, మీది బహుశా తంగేడు చెక్క, కరక్కాయ లాంటి వాటితో పదును చేసిన తోలు. ఇలాంటి తోలుకి తడిలో ఇనుము తగిలితే నల్ల మరక పడుతుంది, అది అంత తేలిగ్గా పోదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుము, బెల్లం ఊరిన నీళ్లతో గీసిన గీత నల్లబడేదీ ఇందువల్లే. అక్కడ అందం, బ్యాగ్ మీద దరిద్రం! కొనే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే, పైన బంగారు రంగున్నా లోపల ఇనుమే. ఇత్తడితో ఈ గొడవ లేదు గానీ, తోలుకి పట్టించిన నూనెతో కలిసి బిళ్ల చుట్టూ ఆకుపచ్చ మైనం లాంటిది పేరుకుంటుంది. టూత్‌పిక్‌తో గీకి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. బిళ్లల దగ్గర నూనె తక్కువ రాయండి.

మీ ఫ్లాప్ తోలు మందం ఎన్ని మిల్లీమీటర్లో, లైనింగ్ ఉందో లేదో చెప్తే ఏ సైజు స్క్రూ కావాలో చెప్తాను.