రోడ్డు లెక్క అడిగితే ‘నువ్వెవరు’ అన్నారు: చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న పంచాయతీ. నిరుడు వేసవిలో మా వీధిలో సుమారు 300 మీటర్ల సిమెంటు రోడ్డు వేశారు. మొదటి వానలకే పగుళ్ళిచ్చి, అంచులు ఊడిపోయాయి. పక్కనే మురుగు కాలువ కూడా కట్టినట్టు బిల్లు అయిందంటున్నారు, అక్కడ కాలువే లేదు. ఖర్చు వివరాలు అడిగితే పంచాయతీ కార్యదర్శి ‘అడగడానికి నువ్వెవరు, వార్డు సభ్యుడివా?’ అన్నారు. మరో మాట. మా కాలనీలో మురుగు ఇళ్ళ ముందే నిలుస్తున్నా డబ్బు లేదంటారు, మండల కేంద్రంలో మాత్రం లక్షలు పోసి స్వాగత ద్వారం కట్టారు. ఇలాంటి నిర్ణయాలను కోర్టులో ప్రశ్నించవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే రోడ్డు సంగతి కన్నా ముందు ఆ కార్యదర్శి అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. అందుకే జవాబు కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరెవరో రాజ్యాంగంలోనే రాసి ఉంది. 73వ సవరణ ద్వారా చేరి, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చిన 243వ అధికరణం ప్రకారం గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్ళందరూ. వార్డు సభ్యులు మాత్రమే కాదు, సర్పంచిని బలపరిచిన వాళ్ళు మాత్రమే కాదు. మీ పేరు ఓటర్ల జాబితాలో ఉంటే మీరు గ్రామసభ సభ్యులు. పంచాయతీ ఏ పని చేసింది, ఎంత ఖర్చు పెట్టింది అన్నది ఆ సభ ముందు పెట్టాల్సిందే. సమాచార హక్కు చట్టానికైతే ఆ సభ్యత్వం కూడా అక్కరలేదు, భారత పౌరులైతే చాలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన అవసరం లేదని 6వ సెక్షన్ సూటిగా చెబుతోంది. కాబట్టి ఆ మాటకు చిన్నబోకండి. అది అజ్ఞానంతో అన్నదైనా, బెదిరింపుగా అన్నదైనా చట్టం ముందు నిలవదు.

ఇక రోడ్డు సంగతి. ఇలాంటి ఫిర్యాదులతో వచ్చేవారిలో చాలామంది ఆవేశంతో, ఫోనులో నాలుగు ఫొటోలతో వస్తారు. ఫొటోలు పనికొస్తాయి, కానీ అవి సగం సాక్ష్యమే. రోడ్డు ఇప్పుడెలా ఉందో ఫొటో చూపిస్తుంది. ఎలా వేశామని రాసుకున్నారో కాగితం చూపిస్తుంది. ఆ రెండింటి మధ్య తేడాలోనే మీ కేసు ఉంది.

ఆ కాగితాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం. పని పూర్తయిన కొద్దీ ఇంజినీరు వచ్చి పొడవు, వెడల్పు, మందం కొలిచి తేదీతో సహా అందులో రాసి సంతకం పెడతారు. దాని ఆధారంగానే బిల్లు తయారవుతుంది. అందులో రాయని పనికి డబ్బు రాదు. చేయని పనికి డబ్బు వచ్చిందంటే అందులో ఎవరో అబద్ధం రాశారన్నమాట. ఒక ఉదాహరణ చూడండి. ఎం-బుక్‌లో 300 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని ఉందనుకుందాం. అంటే 135 ఘనపు మీటర్ల కాంక్రీటుకు బిల్లు చెల్లించారు. ఊడిపోయిన అంచుల దగ్గర మీరు టేపు పెట్టి చూస్తే మందం 10 సెంటీమీటర్లే ఉందనుకోండి, రోడ్డంతా అలాగే ఉంటే పడింది 90 ఘనపు మీటర్లే. మిగిలిన 45 ఎక్కడికి పోయిందని అడగడానికి ఇంజినీరింగు చదువు అక్కరలేదు. మీ కాలువ విషయం ఇంకా తేలిక. లేని కాలువకు కొలతలు రాసి ఉంటే ఆ పేజీ ఒక్కటే చాలు.

అందుకే సమాచార హక్కు దరఖాస్తులో ‘రోడ్డు ఎందుకు పాడైంది, నాణ్యత ఎందుకు లేదు, బాధ్యులెవరు’ అని రాయకండి. చాలా దరఖాస్తులు ఇక్కడే వీగిపోతాయి. సమాచారం అంటే కార్యాలయంలో అప్పటికే రికార్డుగా ఉన్నది. అధికారి మనసులో ఉన్న కారణం ఆ కిందికి రాదు. 2010లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ‘ఎందుకు’ అని అడిగితే ఒక్క వాక్యంతో తప్పించుకుంటారు. ‘నకలు ఇవ్వండి’ అంటే తప్పించుకోవడం కష్టం. కాబట్టి పని పేరు, వీధి, సంవత్సరం రాసి ఇలా అడగండి: ఈ పనికి పంచాయతీ తీర్మానం, అంచనా పత్రం, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు పిలిచి ఉంటే ఆ వివరాలు, టెండరు లేకుండా నేరుగా నామినేషన్ మీద ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వు, గుత్తేదారుతో చేసుకున్న ఒప్పందం, ఎం-బుక్‌లోని సంబంధిత పేజీలు, నాణ్యత పరీక్షల నివేదిక, చెల్లించిన బిల్లులు, ఓచర్లు – వీటి ధ్రువీకరించిన నకళ్ళు కావాలి. కాలువకు విడిగా మరో దరఖాస్తు పెట్టండి.

ఒకటి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. ఎం-బుక్ సాధారణంగా పంచాయతీరాజ్ ఇంజినీరింగు విభాగం దగ్గర ఉంటుంది కనుక అక్కడి డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) కార్యాలయానికి మరొకటి పంపండి. తప్పు కార్యాలయానికి వెళ్ళినా దిగులు లేదు. అయిదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయడం వాళ్ళ బాధ్యత. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. చేతికిస్తే రసీదు లేకుండా వెనక్కి రాకండి. తీసుకోబోమని వాళ్ళంటే అక్కడ వాదన పెట్టుకోకుండా స్పీడ్ పోస్టులో పంపండి.

చాలామందికి తెలియని హక్కు ఇంకొకటి ఉంది. అదే చట్టం 2వ సెక్షన్‌లో ‘సమాచార హక్కు’ అన్న మాటకు అర్థం చెబుతూ, జరిగిన పనిని తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడం కూడా చేర్చారు. అంటే ఇంజినీరు సమక్షంలో ఆ రోడ్డును చూపించమని, కొలిపించమని, కాంక్రీటు నమూనా ఇప్పించమని అడగవచ్చు. ఈ హక్కు ఊరికే రాలేదు. 1990లలో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు, రైతులు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఆధ్వర్యంలో బహిరంగ విచారణలు పెట్టి, పనుల బిల్లులనూ మస్టర్లనూ ఊరందరి ముందు చదివించారు. ‘మా డబ్బు, మా లెక్క’ అన్నది వాళ్ళ నినాదం. పెద్ద నగరాల మేధావులు ఇచ్చిన చట్టం కాదిది, మీలాంటి ఊళ్ళలో మీలాంటి ప్రశ్నల నుంచి పుట్టింది. 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకు జరిగిన సామాజిక తనిఖీలకు దారి చూపింది కూడా ఆ విచారణలే.

జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే దాన్ని తిరస్కరణగానే లెక్కించి, మరో 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 వరకు జరిమానా వేయగలదు, అది ఆయన సొంత జేబు నుంచే కట్టాలి. గడువు దాటాక ఇచ్చే నకళ్ళకు మీరు రుసుము చెల్లించనక్కరలేదు. రెండో అప్పీలు తేలడానికి నెలలు పట్టవచ్చు, ఆ మాట దాచను. అయితే చాలా సందర్భాల్లో మొదటి అప్పీలు నోటీసు వెళ్ళగానే కాగితాలు కదులుతాయి. గుత్తేదారు వ్యాపార రహస్యమనో, వ్యక్తిగత సమాచారమనో చెబితే ఒప్పుకోకండి. ప్రజాధనంతో వేసిన రోడ్డు కొలతలు ఎవరి రహస్యమూ కావు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్న సమాచారం కూడా ఇవ్వవచ్చని 8వ సెక్షనే అంటోంది.

ఈ లోపు ఖాళీగా కూర్చోవద్దు. కేంద్ర ప్రభుత్వ ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ పేరు మీద ఏ పనికి ఎంత చెల్లించారో చూడవచ్చు. రాష్ట్ర ఆడిట్ శాఖ పంచాయతీ లెక్కలను తనిఖీ చేసి అభ్యంతరాలు రాస్తుంది, ఆ నివేదిక నకలు కూడా అడగండి. మీరు ఊహించిన తప్పునే ఆడిటర్ ముందే పట్టుకుని ఉండవచ్చు, దానికి ఎవరూ జవాబివ్వక ఆ అభ్యంతరం అలాగే పడి ఉండవచ్చు. అది దొరికితే మీ చేతిలో ప్రభుత్వ సంతకంతో ఉన్న సాక్ష్యం ఉన్నట్టే. గ్రామసభ జరిగినప్పుడు ఈ ప్రశ్నలు లేవనెత్తి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. రాయనంటే ఆ విషయాన్నే అదే రోజు కలెక్టరుకు రాతపూర్వకంగా పంపండి.

కాగితాలు వచ్చాక తేడా తేలితే జిల్లా పంచాయతీ అధికారికి, కలెక్టరుకు, పంచాయతీరాజ్ ఎస్ఈకి (సూపరింటెండింగ్ ఇంజినీరుకు) ఫిర్యాదు ఇవ్వండి. విచారణ జరిపి బాధ్యుల నుంచి సొమ్ము రాబట్టే అధికారం, సర్పంచి తప్పు రుజువైతే పదవి నుంచి తొలగించే అధికారం చట్టంలో ఉన్నాయి. లేని కాలువకు బిల్లు పెట్టి ఉంటే అది క్రిమినల్ నేరం కూడా. ప్రభుత్వోద్యోగి నమ్మకద్రోహం భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కిందికి వస్తుంది, అవినీతి నిరోధక శాఖకూ ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదులో ‘తిన్నారు, దోచుకున్నారు’ లాంటి మాటలు వద్దు. ఎం-బుక్ ఫలానా పేజీలో ఇంత అని ఉంది, మేము కొలిస్తే ఇంత ఉంది అని రాయండి. మొదటి రకం మాటలు పరువునష్టం నోటీసు తెస్తాయి, రెండో రకం వాక్యం విచారణ తెస్తుంది. ఎక్కడా కదలిక లేకపోతేనే 226వ అధికరణం కింద హైకోర్టు. అక్కడ న్యాయమూర్తి వేసే మొదటి ప్రశ్న ‘అధికారులకు వినతిపత్రం ఇచ్చారా’ అనే. అందుకే రసీదులన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, మరికొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితికి లోబడి న్యాయ సేవల సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

స్వాగత ద్వారం విషయంలో మిమ్మల్ని నిరుత్సాహపరచక తప్పదు. ఏ పనికి ముందు డబ్బు పెట్టాలన్నది విధాన నిర్ణయం. అది తెలివైన నిర్ణయమా కాదా అని కోర్టు తూకం వేయదు. ప్రభుత్వ రంగ అల్యూమినియం సంస్థ బాల్కో వాటాల అమ్మకం కేసులో 2001లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నాకూ ఇది సరైన హద్దే అనిపిస్తుంది. లేకపోతే ప్రతి బడ్జెట్టూ కోర్టులో తయారవుతుంది. కానీ ఆ హద్దు లోపల కూడా కోర్టు రెండు విషయాలు చూస్తుంది. డబ్బు పెట్టిన తీరు సక్రమమా? ఆ పని చట్టానికి లోబడి ఉందా? ఇచ్చిన తీరు సక్రమంగా లేదనే 2012లో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులను రద్దు చేసింది. రెండోదానికి మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండాను పోలిన రంగులు వేయించడాన్ని ఒక పౌరుడు సవాలు చేస్తే 2020 మార్చిలో హైకోర్టు తొలగించమంది. ప్రభుత్వం మరో రంగు కలిపి 623 నంబరు జీవో ఇస్తే దాన్నీ కొట్టేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యానికి నిరాకరించింది. భవనాలకు రంగు వేయడం తప్పని ఎవరూ అనలేదు. ప్రజల డబ్బుతో పార్టీ రంగు వేయకూడదన్నారు. స్వాగత ద్వారం టెండరు, నిధుల మళ్ళింపు కాగితాలు తెప్పించుకోండి. తాగునీటికో పారిశుధ్యానికో ప్రత్యేకించిన నిధి దానికి వాడారని తేలితే, అప్పుడు మీది విధానం మీద అభిప్రాయం కాదు, చట్ట ఉల్లంఘన మీద ఫిర్యాదు.

‘మురుగు కాలువకు డబ్బు లేదు’ అన్న మాటకు మాత్రం గట్టి జవాబుంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో మురుగు, దుర్గంధం భరించలేక ఒక వార్డు జనం మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్తే, మున్సిపాలిటీ మా దగ్గర నిధులు లేవంది. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు ఆ సాకును తోసిపుచ్చింది. విధిగా చేయాల్సిన పనికి డబ్బు లేదనడం సమాధానం కాదని తేల్చింది. ఆ కేసు నడిచిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్. మీ కాలనీ మురుగు గురించి, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు కూడా అయిన ఆర్డీవోకు దాని కింద దరఖాస్తు పెట్టవచ్చు. దీనికి హైకోర్టు దాకా వెళ్ళనక్కరలేదు.

ఇంకొక్క జాగ్రత్త. దరఖాస్తులన్నీ మీ ఒక్కరి పేరు మీద కాకుండా వీధిలో నలుగురైదుగురు విడివిడిగా పెట్టండి. అప్పుడు ఒత్తిడి ఒక్క ఇంటి మీద పడదు. అన్నిటికన్నా ముందు గుత్తేదారు ఒప్పందం నకలు తెప్పించుకోండి. పని పూర్తయిన తర్వాత కొంతకాలం వరకు లోపాలను గుత్తేదారే సొంత ఖర్చుతో సరిచేయాలన్న షరతు సాధారణంగా అందులో ఉంటుంది. మీ రోడ్డు వేసింది నిరుడు వేసవిలో కనుక ఆ గడువు ఇంకా మిగిలే ఉండవచ్చు. అది దాటిపోక ముందే, రోడ్డు పగిలిందని తేదీ వేసి డీఈకి, కార్యదర్శికి ఒక ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి. మిగతా పోరాటం ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, ఈ ఉత్తరం మాత్రం ఈ వారమే వెళ్ళాలి.