పాత పుస్తకాల పెట్టె: తప్పున్న ప్రతికే గిరాకీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే అడిగాయి: "మా దగ్గర పాత అమెరికన్ పుస్తకం ఉంది, ఎంత వస్తుంది?" ఫోన్లో పంపిన ఫోటో చూసి ధర చెప్పడమంటే పేరు విని పెళ్ళి కుదిర్చినట్టుంటుంది. ఒహాయోలో ఓ కౌంటీ లైబ్రరీలో ఇరవై ఆరేళ్ళు కేటలాగింగ్ చేసి రిటైరైనదాన్ని. ధర చెప్పలేకపోయినా, పుస్తకంలో ఎక్కడ చూసుకోవాలో చెప్పగలను.

అత్తయ్యగారూ, మొన్న ఎస్టేట్ సేల్‌లో (పోయినవాళ్ళ ఇంటి సామాను అమ్మకం) ఫిట్జెరాల్డ్ నవల 'ద గ్రేట్ గాట్స్‌బీ' 40 డాలర్లకి కొన్నాను. ముదురాకుపచ్చ గుడ్డ బైండు, టైటిల్ పేజీ మీద ప్రచురణకర్త పేరు స్క్రిబ్నర్స్, 1925 అని ఉంది. పైన వేసే కాగితం అట్ట లేదు. ఇది మొదటి ముద్రణేనా? లాటరీ తగిలినట్టేనా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

ఆగు బాబూ, ఇంకా ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకు. 1925లో ఆ పుస్తకం రెండుసార్లు అచ్చయింది. ఏప్రిల్ 10న విడుదలైన మొదటి ముద్రణ 20,870 ప్రతులు. ఆగస్టులో ఇంకో 3,000 వేశారు. రెండింటి మీదా సంవత్సరం ఒకటే, బైండూ ఒకటే. తేడా తెలిసేది అచ్చుతప్పుల్లోనే. మన పత్రికల వాళ్ళు ముద్రారాక్షసాలు అంటారే, అవి.

60వ పేజీ తెరువు. 16వ పంక్తిలో 'చాటర్' అనే మాట ఉందా? ఉంటే మంచిది. రెండో ముద్రణలో అక్కడ 'ఎకొలేలియా' అని మార్చారు. 119వ పేజీలో 'నార్తర్న్' అని ఉండాలి, తర్వాత దాన్ని 'సదర్న్' చేశారు. 205వ పేజీలో 'సిక్ ఇన్ టైర్డ్' అనే వింత మాట కనబడాలి. 211లో 'యూనియన్ స్ట్రీట్ స్టేషన్' అని ఉండాలి. షికాగోలో ఉన్నది యూనియన్ స్టేషన్. మధ్యలో ఆ 'స్ట్రీట్' ఎలా దూరిందో గానీ, ఇప్పుడు ఆ పనికిరాని మాటకే డబ్బులు. మన దగ్గరైతే చివర తప్పొప్పుల పట్టిక వేసి క్షమాపణ చెప్పుకుంటారు. ఇక్కడ తప్పు దిద్దిన ప్రతిని పక్కన పెట్టి, దిద్దని ప్రతికి ఎగబడతారు.

ఇవన్నీ ఉంటే నీది మొదటి ముద్రణే. పై అట్ట లేకపోయినా, బైండు శుభ్రంగా ఉంటే వేల డాలర్లు పలుకుతుంది. 40 డాలర్లకి అది చాలా మంచి బేరం.

ఇక ఆ లేని అట్ట సంగతి. డస్ట్ జాకెట్ అంటారు దాన్ని. (ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ "పుస్తకానికి రవికేమిటే" అంది.) ముదురు నీలం మీద ఆడమనిషి కళ్ళు, పెదవులు, కింద కార్నివాల్ దీపాలు. ఫ్రాన్సిస్ కుగాట్ వేసిన బొమ్మ. ఆ అట్ట పుస్తకం కంటే కాస్త పొడుగ్గా ఉండేది. అందుకని బీరువాలోకి తోసినప్పుడల్లా పై అంచు నలిగి చిరిగేది. ఆ రోజుల్లో అట్ట పని దుమ్ము ఆపడమే కాబట్టి, చిరగ్గానే పారేశారు. దాంతో మిగిలినవి కొన్నే. అట్టతో సహా మంచి స్థితిలో ఉన్న ప్రతి వేలంలో మూడు లక్షల డాలర్లు దాటిన సందర్భం ఉంది. అట్ట మీద కూడా ఒక తప్పుంది. వెనక వైపు 'జే గాట్స్‌బీ' పేరులో మొదటి అక్షరం పెద్దది కావలసింది చిన్నది పడింది, దాన్ని అచ్చయ్యాక సిరాతో దిద్దారు. పెద్ద బడి, చిన్న బడి గొడవ మన లిపిలో లేదు గానీ, ఉంటే మన దగ్గరా ఇలాంటి కోటీశ్వరులు పుట్టేవాళ్ళేమో.

ఇక్కడే ఒక హెచ్చరిక. "నీ పుస్తకానికి అట్ట నేనిస్తాను" అని ఎవరైనా వస్తే వాళ్ళ దగ్గర కొనకు. ఈ అట్టలకి నకళ్ళు బోలెడు. నిజాయితీపరులు లోపలి మడత మీద నకలు అని అచ్చు వేస్తారు, తర్వాత ఇంకెవరో ఆ ముక్కని కత్తిరించి అమ్ముతారు. నేనూ ఇలాగే మోసపోయాను. 1998లో స్టైన్‌బెక్ నవల 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' 450 డాలర్లు పెట్టి కొన్నాను. పుస్తకం అసలుదే, దాన్ని ప్రచురించిన వైకింగ్ వాళ్ళదే, కాపీరైట్ పేజీ మీద ఏప్రిల్ 1939 అని ఉంది. అట్ట ముందు మడతకి కింది మూల కత్తిరించి ఉంది. "బహుమతి ఇచ్చేటప్పుడు ధర కత్తిరించారు మేడమ్" అన్నాడు అమ్మినాయన. నమ్మాను. ఇంటికొచ్చాక తెలిసింది, మొదటి ముద్రణ అట్ట మీద 'ఫస్ట్ ఎడిషన్' అనే మాట ఉండేది సరిగ్గా ఆ కింది మూలలోనేనని. తర్వాతి ముద్రణ అట్ట తెచ్చి తొడిగి, అది బయటపడకుండా మూల కోసేశారు. మా ఆయన ఇప్పటికీ కత్తెర కనబడితే చాలు, "450 డాలర్లు" అంటారు.

అమ్మా, మా మామగారు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేశారు. ఆయన పోయాక అటక మీద ట్రంకు పెట్టె దించితే హెమింగ్వే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ' దొరికింది. 1952 అని ఉంది. అట్ట చిరిగితే మా పాప సెల్లోటేప్ వేసింది. లామినేషన్ చేయిద్దామనుకుంటున్నాం. లోపల మామగారు పెన్సిల్‌తో తెలుగులో ఏవేవో రాసుకున్నారు, రబ్బరుతో చెరిపేస్తే ధర పెరుగుతుందా?
– ఒక గృహిణి, విజయవాడ

అమ్మాయ్, ముందు లామినేషన్ మాట మర్చిపో. ఆ ప్లాస్టిక్ కాగితానికి అంటుకుపోయాక ఇక తీసే దారి ఉండదు. సెల్లోటేప్ కూడా పీకొద్దు, పీకితే దానితో పాటు బొమ్మ ఊడి వస్తుంది. ఇకపై కొత్తది మాత్రం వేయనీయకు. సన్నటి పారదర్శకమైన పాలియెస్టర్ షీటు దొరుకుతుంది, మైలార్ అంటారు. అతికించకుండా దాన్ని అట్ట చుట్టూ మడిచి పెట్టు, చాలు.

టైటిల్ పేజీ మీద ఏ ప్రచురణకర్త పేరుందో నువ్వు రాయలేదు. నా ఊహ, అది లండన్ జొనాథన్ కేప్ వాళ్ళది అయ్యుంటుంది. ఆ కాలంలో మన ఇళ్ళకి చేరిన హెమింగ్వేలు ఎక్కువగా బ్రిటన్ నుంచి వచ్చినవే. అది కూడా 1952 సెప్టెంబరులోనే వచ్చింది, సేకరణదారులు దాన్నీ కొంటారు గానీ అమెరికన్ మొదటి ముద్రణంత పలకదు. స్క్రిబ్నర్స్ అని ఉంటే మాత్రం కాపీరైట్ పేజీ చూడు. పెద్ద బడి 'ఏ' అక్షరం, దాని దగ్గరే ప్రచురణ సంస్థ ముద్ర ఉండాలి. ఆ 'ఏ' లేకపోతే అది బుక్ క్లబ్ వాళ్ళ ప్రతి కావచ్చు. నెలనెలా చందాదారులకి పోస్టులో పంపడానికి లక్షల్లో వేసేవాళ్ళు అవి. క్లబ్ ప్రతులు చాలావాటికి వెనక బైండు కింది మూలలో వేలికి తగిలే చిన్న నొక్కు ఉంటుంది, రంగు ఉండదు. కళ్ళకి ఆనకపోతే వేలితో తడిమి చూడు. మా లైబ్రరీ సేల్‌లో 2 డాలర్లకి ఇదే పుస్తకం తీసుకుని ఎగిరి గంతేసినదాన్ని, ఆ 'ఏ' లేదని ఇంటికెళ్ళాక చూసుకున్నాను.

అసలు ఈ కథని ముందు చదివింది పుస్తకంగా కాదు. 1952 సెప్టెంబరు 1 నాటి లైఫ్ పత్రిక మొత్తం కథని ఒకే సంచికలో వేసింది. ధర 20 సెంట్లు. రెండు రోజుల్లో 50 లక్షల పైచిలుకు ప్రతులు అమ్ముడుపోయాయి. పుస్తకం మొదటి ముద్రణేమో 50,000. ముఖచిత్రం మీద హెమింగ్వే ఉన్న ఆ లైఫ్ సంచిక నిజానికి అందరి కంటే ముందు వచ్చినది, అయినా ఈ రోజుకీ అది సామాన్యులు కొనగలిగే ధరకే దొరుకుతుంది. ఈ లెక్క నాకు ఎప్పుడూ ఒంటబట్టలేదు.

పెన్సిల్ రాతల సంగతి. వ్యాపారి దృష్టిలో రచయితవి కాని రాతలు పుస్తకానికి మచ్చలే. కానీ చెరిపినా గీతలు కాగితం మీద పల్లం తేలి కనబడతాయి, ధర పెద్దగా పెరగదు. ఆ తరం ఇంగ్లీషు లెక్చరర్లు చాలామంది సెలవుల్లో హైదరాబాదు వచ్చి ఉస్మానియా ఆవరణలోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌లో కూర్చుని చదువుకుని వెళ్ళేవాళ్ళు. 1964లో పెట్టారు దాన్ని, దేశం నలుమూలల నుంచీ వచ్చేవాళ్ళు అక్కడికి. మీ మామగారు ఆ రాతలు ఎక్కడ కూర్చుని రాశారో ఎవరికి తెలుసు? రబ్బరు పక్కన పెట్టు. పుస్తకాన్ని మళ్ళీ అటక ఎక్కించకు, ఎండాకాలం అటక అంటే పొయ్యి మీద పెట్టినట్టే. ట్రంకులో కలరా ఉండలు వేసుంటే తీసెయ్, ఆ వాసన కాగితానికి పట్టిందంటే ఏళ్ళ తరబడి వదలదు. బెజవాడ ఉక్కకి గాలి ఆడే బీరువా మధ్య అర నయం, గోడకి ఆనించకుండా నిలబెట్టు.

నేను పెన్షనర్ని. అమెరికన్ సాహిత్యం అంటే ప్రాణం. వేల డాలర్ల మాటలు చదివితే నీరసం వస్తోంది. మాలాంటి వాళ్ళు సేకరించగలిగేవి ఏమైనా ఉన్నాయా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, తిరుపతి

ఉన్నాయి మాస్టారూ. తపాలా బిళ్ళలతో మొదలుపెట్టండి. 1940లో అమెరికా ప్రసిద్ధుల వరస వేసింది. అందులో రచయితలు అయిదుగురు: వాషింగ్టన్ ఇర్వింగ్ ఒక సెంటు, కూపర్ 2, ఎమర్సన్ 3, లూయిసా మే ఆల్కాట్ 5, మార్క్ ట్వేన్ 10 సెంట్లు. తర్వాత 1979లో స్టైన్‌బెక్, 1987లో ఫాక్నర్, 1989లో హెమింగ్వే వచ్చారు. వీళ్ళలో నాకు ఇష్టమైనది ఫాక్నర్ బిళ్ళ. ఆయన మిసిసిపీ యూనివర్సిటీ పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా చేసి, కౌంటర్ దగ్గరకొచ్చిన వాళ్ళని పట్టించుకోకుండా చదువుకుంటూ కూర్చుని 1924లో ఆ ఉద్యోగం వదులుకున్న మనిషి. అదే తపాలా శాఖ ఆయన బొమ్మ అచ్చు వేసింది.

అమెరికాలో చుట్టాలుంటే ఇంకోటి చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం చొక్కా జేబులో పట్టేలా, అడ్డంగా పొడుగ్గా ఉండే పుస్తకాలు వేశారు. 1943 నుంచి 1947 వరకు 1,322 రకాలు, మొత్తం 12 కోట్ల పైచిలుకు ప్రతులు. ఆర్మ్‌డ్ సర్వీసెస్ ఎడిషన్స్ అంటారు. చాలావరకు ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతాయి. పైన డల్లాస్ అబ్బాయి అడిగిన గాట్స్‌బీ రాసిన ఫిట్జెరాల్డ్ 1940లో పోయేనాటికి ఆ రెండో ముద్రణ 3,000 ప్రతులే పూర్తిగా అమ్ముడుపోక గోడౌన్లో ఉన్నాయి. అదే నవలని యుద్ధంలో లక్షన్నర ప్రతులు ఉచితంగా పంచారు. అది మళ్ళీ జనం నోట పడింది ఆ జేబు పుస్తకం వల్ల కూడా. ధరలో కాకపోయినా చరిత్రలో అది మొదటి ముద్రణకేమీ తీసిపోదంటాను.

మేడమ్, మార్క్ ట్వేన్ సంతకం ఉన్న పాత సంపుటాల సెట్ ఆన్‌లైన్‌లో 1,200 డాలర్లకి ఉంది. సంతకం పైన ఏదో వాక్యం కూడా చేతిరాతలో ఉంది. సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. మా పెళ్ళిరోజు వస్తోంది, కొనేదా?
– ఒక దంపతులు, న్యూజెర్సీ

ఆ వాక్యం "ఇది నా పుస్తకాలన్నిటి అధీకృత ఏకరూప ముద్రణ" అనే అర్థంలో ఉందా? ఉంటే డబ్బులు దాచుకుని ఇద్దరూ నయాగరా వెళ్ళిరండి. ఆ రాత, సంతకం రెండూ బ్లాకు చేయించి సెట్లన్నిటిలో అచ్చు వేసినవి. పాపం ట్వేన్‌కి ఇందులో ఏ పాపమూ లేదు, అప్పట్లో ఎవరూ దాన్ని అసలు సంతకం అనుకోలేదు. నగల షాపులో వాడే భూతద్దం పెట్టి చూడండి. కలంతో రాసినదైతే గీత ఒకచోట పలచగా, ఒకచోట చిక్కగా ఉంటుంది, రెండు గీతలు దాటుకున్న చోట సిరా ముదురుతుంది. అచ్చుదైతే అంతా ఒకే నలుపు. సర్టిఫికెట్ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అడగాల్సింది ఆ పుస్తకం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందని.

పిన్నిగారూ, పోయిన నెల మీరు 'ది సన్ ఆల్సో రైజెస్' 1926 ప్రతిలో 181వ పేజీ చూడమన్నారు. 'స్టాప్డ్' అనే మాటలో మూడు 'పి'లు ఉండాలన్నారు. నా దాంట్లో రెండే ఉన్నాయి. పోయిన ఏడాదే కొన్నాను, టెన్షన్‌గా ఉంది. వెనక్కి ఇచ్చేయాలా?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

26వ పంక్తే చూశావు కదా తల్లీ? అక్కడ రెండే ఉంటే నీది తప్పు దిద్దాక వేసినది. మూడు 'పి'లున్న మొదటి ముద్రణ 5,090 ప్రతులే. అట్ట ఉంటే దాన్నీ చూడు. మొదటి అట్ట మీద హెమింగ్వే పాత కథల పుస్తకం పేరు 'ఇన్ అవర్ టైమ్' అని ఉండాల్సింది చివర 'టైమ్స్' అని పడింది. నీ అట్ట మీద 'టైమ్స్' ఉండి లోపల 'పి'లు రెండే ఉంటే, అట్ట ఒక చోటిది, పుస్తకం ఇంకో చోటిది కావచ్చు.

ఇప్పుడు రసీదు తియ్యి. దాని మీద 'మొదటి ముద్రణ' అని రాసి ఉంటే, ఆ పేజీ ఫోటో జత చేసి ఈ రోజే ఉత్తరం రాయి. పాత పుస్తకాల వ్యాపారుల సంఘంలో సభ్యులైన వాళ్ళయితే తప్పు వివరణతో అమ్మినది వెనక్కి తీసుకోవాలి, అది వాళ్ళ నియమం. 'మొదటి కూర్పు, 1926' అని మాత్రమే రాసుంటే నసుగుతారు, తప్పు దిద్ది వేసిన తర్వాతి ముద్రణ కూడా ఆ కూర్పు కిందికే వస్తుందంటారు. అప్పుడు ఆ రసీదు ఫోటో నాకు పంపు, ఏమని రాయాలో చెప్తాను.