నమాజు గది అడగబోతున్న మేనకోడలికి

అమలాపురం

ప్రియమైన అమ్మాయికి మామూ దువాలు.

నీ ఉత్తరం అందింది. మధ్యాహ్నపు జోహర్ నమాజు వేళకు హాస్టల్ దాకా పరుగెత్తి, తిరిగి ల్యాబుకు ఆలస్యంగా చేరి హాజరు పోగొట్టుకుంటున్నామని నువ్వు రాసిన చోట చాలాసేపు ఆగిపోయాను. మగపిల్లలు కనీసం శుక్రవారం ఆటోలో మసీదుకు వెళ్లి వస్తున్నారు, ఆడపిల్లలకు ఆ దారి కూడా లేదన్న మాట ఇంకా బాధ పెట్టింది. మీ ప్రాంగణంలోనే నమాజు గది అడగాలన్న మీ నిర్ణయం సరైనదే. కళాశాల కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా దస్త్రాలు నడిపినవాడిగా, ఎలా అడగాలో నాకు తెలిసినంత చెబుతాను.

అన్నిటికంటే ముందు, నోటిమాట అనుమతితో తృప్తిపడవద్దు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి ప్రిన్సిపాల్‌గారు రికార్డు గదిలో నమాజు చేసుకోమని ఎంతో ఆదరంగా చెప్పారు. హాజరు పట్టీల కట్టలకూ కిటికీకీ నడుమ నమాజు చేసే చాప, ఒక్క జానిమాజు పట్టేంత చోటు ఉండేది. సజ్దాలో నుదురు ఆనించినప్పుడు పాత కాగితాల వాసన, వానాకాలమైతే గోడ చెమ్మ వాసన వచ్చేవి. నాలుగేళ్లు అలా గడిచాక ఆయనకు బదిలీ అయింది. తరువాత వచ్చినవారు వారం తిరగకుండానే ఆ గదికి తాళం వేయించి, ఎవరి అనుమతితో ఇక్కడ నమాజు చేస్తున్నావని అడిగారు. చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. మిగిలిన ఉద్యోగకాలమంతా జోహర్ వేళ దాటిపోయాక, ఇంటికి వెళ్లాకే కజాగా చేసుకున్నాను. ఆ వెలితి మీకు ఉండకూడదు.

కాబట్టి రిజిస్ట్రార్‌గారి పేర దరఖాస్తు రాసి, విద్యార్థి వ్యవహారాల డీన్‌గారికి నకలు పెట్టండి. రెండో ప్రతి మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర వేయించుకోకుండా ఆ కౌంటరు దగ్గరనుంచి కదలవద్దు. దరఖాస్తులో ఆవేదన ఒక్క పేరాకు మించకుండా చూసి, మిగిలినదంతా వివరాలతో నింపండి. రోజూ నమాజు చేసేవారు ఎందరు, వారిలో అమ్మాయిలు ఎందరు, తరగతుల వేళల్లో పడే జోహర్, సాయంత్రపు అసర్ నమాజులకు ఒక్కొక్కదానికి పది పదిహేను నిమిషాలకు మించి పట్టదని, మధ్యాహ్నం ఖాళీగా ఉండే గదులు ఫలానావని రాయండి. మన ప్రాంతంనుంచి కిబ్లా, అంటే నమాజులో మనం తిరిగే మక్కా దిక్కు, పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది గనుక, గదిలో వరుసలు ఎటు పడతాయో, ఎందరు పడతారో ముందే కొలిచి చూసుకోండి. అమ్మాయిలకు తెరకట్టిన చోటు గానీ, వేరే గది గానీ మొదటి దరఖాస్తులోనే అడగండి. తరువాత చూద్దామనుకున్నది కార్యాలయాల్లో ఎప్పటికీ జరగదు.

నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే వుజూ సంగతి చిన్నదని వదిలేయవద్దు. నేను చూసినంతలో తగాదా నమాజు దగ్గరకంటే నీళ్ల దగ్గరే మొదలవుతుంది. కాలువ గట్టున పెరిగినవాళ్లం, రేవు మెట్ల మీద కూర్చుని కాళ్లు కడుక్కోవడం మనకు అలవాటు. మూడో అంతస్తులో వాష్ బేసిన్‌లోకి కాలెత్తి కడుక్కోవలసి వస్తే ఆ అమ్మాయికీ ఇబ్బందే. తరువాత ముఖం కడుక్కోవడానికి వచ్చినవారికి అసహ్యమనిపిస్తుంది, నడవలో నీళ్లకు ఎవరో ఒకరు జారుతారు. మోకాలి ఎత్తున ఒక కుళాయి, కూర్చోవడానికి సిమెంటు దిమ్మె, నీళ్లు పోయే తూము అడగండి. అది వచ్చేదాకా ఎవరి తువ్వాలు వారు తీసుకెళ్లి, నేల తుడిచి రండి.

ప్రభుత్వ సంస్థలో మతం కుదరదని ఎవరైనా అంటే తడబడవద్దు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. విద్యార్థి తన నమాజు తాను చేసుకోవడం బోధ కాదు. అలాగని మతస్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణం చూపించి గది కట్టించి ఇచ్చి తీరాలని వాదించినా నిలవదు. మీ బలం అందరినీ సమానంగా చూడాలని, మతం పేరిట వివక్ష కూడదని చెప్పే 14, 15 అధికరణాలలో ఉంది. ఒకరికి చోటు ఇచ్చిన సంస్థ రెండోవారిని కూడా అదే కొలతతో కొలవాలి. ప్రాంగణంలో వినాయక చవితి పందిరికి, క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీక్రిస్మస్ కోసం సెమినారు హాలు వాడుకోవడానికి ఇచ్చిన అనుమతుల నకళ్లను 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనల్లో మతం పేరిట వివక్ష కూడా ఉంది, సమాన అవకాశాల విభాగం ఉండాలని కూడా ఉంది. దరఖాస్తు కదలకపోతే అక్కడికి వెళ్లండి.

అయితే ఆ నకళ్లు చేతికి వచ్చాక పందిరి తీసేయమని మాత్రం ఎన్నడూ అడగవద్దు. వారికి ఉన్నది మాకూ కావాలన్నదే మీ మాట. కోనసీమలో మన పిల్లలు చవితి ప్రసాదం తింటూ, క్రిస్మస్ కేకు పంచుకుంటూ పెరిగినవారే. మీ హాస్టల్లో ఆదివారం ప్రార్థన కోసం చోటు వెతుక్కునే క్రైస్తవ విద్యార్థినులు తప్పక ఉంటారు. వారితో కూడా సంతకం చేయించి, వేళలు పంచుకునే ప్రార్థన గదిగా అడగడమే మేలని నా అభిప్రాయం. తాళం చెవి కార్యాలయంలోనే ఉండనివ్వండి, వేళల పట్టిక మాత్రం సంతకం, ముద్రతో తలుపు మీద ఉండాలి.

శుక్రవారపు సామూహిక నమాజు అయిన జుమ్మాకు వేరే పేరా రాయండి. అది మరో రోజుకు మార్చుకునేది కాదు గనుక, శుక్రవారం మధ్యాహ్నం ల్యాబును అరగంట వెనక్కి జరపమని అడగండి. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు గంట ముందు ఇంటికి వెళ్లడానికి మన ప్రభుత్వం 2025లో కూడా అనుమతించింది. ఆ ఉత్తర్వు నకలు జతచేస్తే, పని చెడకుండా వేళలు సర్దవచ్చని చూపించినట్లవుతుంది.

ముసాయిదా రాసి శనివారంలోగా నాకు పంపు. భాష దిద్ది, జతపరచవలసిన కాగితాల వరుస రాసి తిరుగు టపాలో పంపుతాను. సోమవారం రిజిస్ట్రార్‌గారిని కలవడానికి వెళ్లేటప్పుడు నువ్వొక్కదానివే వెళ్లకు, మరో ఇద్దరిని వెంట తీసుకుని వెళ్లు.

నీ మామూ