వారానికి మూడు రోజులే పనిచేస్తే ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఇద్దరం ఉద్యోగస్తులమే. ఇంటికొచ్చే ప్రతి 100లో 60 నా జీతం, 40 మా ఆవిడది. ఇంటి రుణం వాయిదాకు 19, కారుకు 9, ఇంటి ఖర్చులకు 34, పిల్లల చదువుకు 9, బీమాకు 4, దానధర్మాలకు 5 పోగా 20 దాస్తున్నాం. ప్రార్థనకూ, పెద్దవాళ్లకూ, పిల్లలకూ సమయం చిక్కడం లేదు. పొదుపంతా తీసి రెండు అప్పులూ తీర్చేసి, ఐదు రోజుల పనిని మూడుకు తగ్గించుకుందామనుకుంటున్నాను. జీతం కూడా అదే లెక్కన తగ్గుతుంది. చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు, కానీ ఒకేసారి మూడుకు కాదు. ముందు నాలుగు రోజులకు రండి.

ఇప్పుడున్న వాయిదాలతోనే మూడు రోజులకు వస్తే మీ 60 కాస్తా 36 అవుతుంది. ఇంటికొచ్చేది 76, ఖర్చు 80. పొదుపు ఆగిపోవడమే కాక నెలనెలా 4 లోటు. ఆ లోటు గుర్తొచ్చినప్పుడల్లా ప్రార్థనలో కూర్చున్నా మనసు లెక్కల మీదికే పోతుంది. నాలుగు రోజులైతే వచ్చేది 88. కారు అప్పు ఒక్కటీ తీర్చేస్తే ఖర్చు 71కి దిగుతుంది, 17 మిగులుతుంది. జీతం తగ్గితే పన్నూ తగ్గవచ్చు కాబట్టి చేతికి ఎంతొస్తుందో జీతాల విభాగంలో కచ్చితంగా లెక్క వేయించుకోండి.

పొదుపంతా ఊడ్చి అప్పులకు కట్టడం మాత్రం వద్దు. అలా కట్టాక ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైతే క్రెడిట్ కార్డే దిక్కవుతుంది, దాని వడ్డీ ఇంటి రుణం వడ్డీకి ఎన్నో రెట్లు. ఆదాయం తగ్గించుకునేవాళ్లకు ఆరు నెలల అత్యవసర నిధి చాలదు, తొమ్మిది నెలల ఖర్చు పక్కన ఉండాలి. అది పోగా మిగిలిన దాంతో కారు అప్పు తీర్చండి. ఇంకా ఉంటే ఇంటి రుణంలో కొంత కట్టి, గడువు కాకుండా నెల వాయిదా తగ్గించమని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. మామూలుగా గడువు తగ్గించుకోమనే చెబుతాం, అలా చేస్తేనే మొత్తం వడ్డీ ఎక్కువ ఆదా అవుతుంది. కానీ మీకు కావలసింది నెలనెలా ఊపిరాడటం.

మీ లెక్కలో ఒక లోపం కనిపిస్తోంది. ఏడాదికోసారి వచ్చే ఖర్చులు లేవు. 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి మరమ్మతులు, పెళ్లిళ్లు, ప్రయాణాలు, పన్నులు అన్నీ కూడి 12తో భాగించండి. అది 6 వచ్చిందంటే, మిగులుతుందన్న 17లో నిజంగా దాచగలిగేది 11. ఆ 11ని ఆపకండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది, అప్పటికి మీకు 59.

కారు అప్పు తీరాక ఆరు నెలలు పరీక్ష పెట్టుకోండి. జీతం పడిన రోజే 12 వేరే ఖాతాకు దానంతటదే వెళ్లేలా చేసి, మిగిలిన 88తో నడపండి. మధ్యలో ఆ ఖాతా ముట్టుకోవలసి వస్తే ఎందుకో రాసి పెట్టుకోండి, కోత పెట్టాల్సింది అక్కడే.

దానధర్మాలను అంకెగా కాక ఆదాయంలో 5 శాతంగా పెట్టుకోండి. 100 మీద 5 ఇచ్చినవారు 88 మీద 4.40 ఇస్తారు. తగ్గిందని నొచ్చుకోవద్దు, ఇకపై మీ సమయమూ అందులో కలుస్తుంది. బంధువులకు చేబదులు ఇవ్వాల్సి వస్తే, తిరిగి రాకపోయినా పర్వాలేదనుకునేంతే ఇవ్వండి. హామీ సంతకం మాత్రం పెట్టొద్దు, వాళ్లు కట్టకపోతే అప్పు మొత్తం మీ నెత్తిన పడవచ్చు, బంధుత్వమూ చెడుతుంది.

బ్యాంకు ఖాతాలు ఎక్కువుంటే తగ్గించుకోవడం మంచిదే. అయితే పాతదాన్ని మూసేముందు దాని నుంచి ఆటోమేటిక్‌గా పోయే చెల్లింపులన్నీ మార్చండి. ఏడాదికోసారి వెళ్లే బీమా ప్రీమియం ఒక్కటి మరిచినా పాలసీ రద్దయ్యే ప్రమాదం ఉంది. నామినీ పేర్లూ అప్పుడే సరిచూసుకోండి.

దరఖాస్తు ఇచ్చేముందు ఆఫీసులో మూడు విషయాలు కాగితం మీద తీసుకోండి. పని రోజులు తగ్గితే ఆరోగ్య బీమా కొనసాగుతుందా? పెన్షన్‌ను చివరి జీతం మీద లెక్కిస్తారా? అవసరమైతే మళ్లీ ఐదు రోజులకు తీసుకుంటారా? మొదటిదానికి కాదన్న జవాబొస్తే ముందు సొంత పాలసీ తీసుకోండి. పాత జబ్బులకు చాలా పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుల ఖర్చు బీమా ఇవ్వని మొదటి కొంతకాలం) ఉంటుంది, అది గడిచాకే రోజులు తగ్గించుకోండి.