గణతంత్రమా, పార్లమెంటరీ వ్యవస్థా?

ప్రశ్న: గణతంత్రం, పార్లమెంటరీ వ్యవస్థ, ఈ రెండింటిలో ఏది మేలు? మన దేశం ఏ కోవకు చెందుతుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాఠ్యపుస్తకాలు కూడా ఒక్కోసారి ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెడతాయి గానీ, నిజానికి వీటి మధ్య పోటీ లేదు. దేశాధినేత పదవి వంశపారంపర్యంగా రాకుండా ఎన్నిక ద్వారా వస్తే అది గణతంత్రం. చట్టసభ విశ్వాసం ఉన్నంతకాలమే మంత్రివర్గం కొనసాగగలిగితే అది పార్లమెంటరీ వ్యవస్థ. మన దేశం రెండూ. బ్రిటన్ రెండోది మాత్రమే. అమెరికా మొదటిది మాత్రమే.

1979 మార్చి 28న బ్రిటన్ దిగువసభ కామన్స్‌లో ప్రధాని కలహన్ ప్రభుత్వం 311–310 ఓట్లతో అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. 1999 ఏప్రిల్ 17న మన లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం కూడా ఒక్క ఓటుతోనే, 269–270 తేడాతో పడిపోయింది. ఆనాడు స్పీకర్ స్థానంలో ఉన్నది మన కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి. అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న వివాదం లేచినప్పుడు, బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ అంతరాత్మకే విడిచిపెట్టారు. గమాంగ్ ఓటు ప్రభుత్వానికి వ్యతిరేకంగా పడింది.

రాజరికంలోనైనా గణతంత్రంలోనైనా సభ విశ్వాసం కోల్పోయిన ప్రభుత్వం గతి ఒక్కటే. తేడా అల్లా, కలహన్ సభ రద్దు కోరినది పుట్టుకతో సింహాసనం దక్కిన రాణి ఎలిజబెత్‌ను; వాజ్‌పేయి రాజీనామా అందుకున్నది కేరళలో ఒక నిరుపేద దళిత కుటుంబంలో పుట్టి, ఎంపీలు, ఎమ్మెల్యేల ఓట్లతో రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్. గణతంత్రానికి ఇంతకంటే మంచి వివరణ నాకు తోచదు.

అమెరికాలో అధ్యక్షుణ్ణి కేవలం విశ్వాసం పోయిందని దించే మార్గం లేదు. అభిశంసనలో, అంటే చట్టసభ జరిపే విచారణలో, నేరం రుజువు కావాలి. 1868లో ఆండ్రూ జాన్సన్‌ను 35 మంది సెనేటర్లు దోషి అన్నారు, 19 మంది కాదన్నారు. మూడింట రెండు వంతులకు ఒక్క ఓటు తగ్గడంతో ఆయన పదవిలోనే మిగిలారు.

ఇక ఏది మేలన్న ప్రశ్న పార్లమెంటరీ, అధ్యక్ష పద్ధతుల మధ్య అడగవలసినది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్, అధ్యక్ష పద్ధతిలో స్థిరత్వం ఎక్కువనీ, పార్లమెంటరీ పద్ధతిలో జవాబుదారీతనం ఎక్కువనీ, రాజ్యాంగ ముసాయిదా రెండోదాన్నే ఎంచుకున్నదనీ వివరించారు. నాదీ అదే అభిప్రాయం. అయితే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత, మామూలు బిల్లు మీదైనా విప్‌ను (ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని) ధిక్కరిస్తే సభ్యత్వం పోయే ప్రమాదం ఉన్నందున, ఆ జవాబుదారీతనం బాగా సన్నగిల్లింది. సభ్యుడి ఓటుపై అనర్హత వేటును విశ్వాస పరీక్షలకే పరిమితం చేయాలని ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సూచించింది. ఆ సూచన నేటికీ అమలు కాలేదు.