నాలుగు జీబీ చాల్లేదు, ఎనిమిదీ చాల్లేదు

ప్రశ్న: మా జావా సర్వర్‌కి 4 జీబీ హీప్ (ప్రోగ్రామ్ తన ఆబ్జెక్టులు పెట్టుకునే మెమరీ) ఇచ్చాం. రెండు రోజులకోసారి అవుట్ ఆఫ్ మెమరీ అంటూ పడిపోతుంటే 8 జీబీ చేశాం, ఇప్పుడు నాలుగు రోజులకోసారి పడిపోతోంది. హీప్ డంప్ (ఆ క్షణాన హీప్‌లో ఉన్నదంతా ఫైల్‌గా) తీసి, దాన్ని విశ్లేషించే ఎక్లిప్స్ మ్యాట్ టూల్‌లో తెరిస్తే పైనంతా బైట్ అర్రేలూ స్ట్రింగులే. తప్పెక్కడుందో ఎలా పట్టుకోవాలి? కావాలంటే డంప్ పంపుతాను.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మెమరీ రెట్టింపు చేస్తే పడిపోయే గడువూ రెట్టింపైందంటే అది లీకేనండీ (పనైపోయినవాటిని ప్రోగ్రామ్ వదలకపోవడం), ఇక 16 జీబీ అడక్కండి. మీరు చూసింది హిస్టోగ్రామ్, అంటే ఏ రకం ఆబ్జెక్టులు ఎన్ని ఉన్నాయన్న లెక్క. దాదాపు ఏ జావా ప్రోగ్రామ్‌లోనైనా అక్కడ పైనుండేవి అవే, జావా 9 నుంచి స్ట్రింగ్ లోపలున్నదీ బైట్ అర్రేనే కదా. జీతమంతా ఏమైపోతోందని అడిగితే అన్నీ ఐదొందల నోట్లే పోతున్నాయని చెప్పినట్టుంటుంది.

డామినేటర్ ట్రీ (ఏ ఆబ్జెక్ట్ వేటిని పట్టుకుని ఉంచిందో చూపేది) తెరవండి, అందులో రిటెయిన్డ్ హీప్ కాలమ్ చూడండి. షాలో అంటే ఆ ఆబ్జెక్ట్ సొంత సైజు, రిటెయిన్డ్ అంటే అది పోతే దాంతోపాటు ఖాళీ అయ్యే మొత్తం. మాకోసారి 48 బైట్ల హ్యాష్‌మ్యాప్ ఒకటి దొరికింది, దాని రిటెయిన్డ్ 3 జీబీ! రైట్ క్లిక్ చేసి, వీక్, సాఫ్ట్ రిఫరెన్సులు (మెమరీ ఖాళీ చేయడానికి అడ్డురానివి) వదిలేసి పాత్ టు జీసీ రూట్స్ (దాన్ని చివరికి ఎవరు పట్టుకున్నారో చూపే దారి) చూస్తే ఒక స్టాటిక్ ఫీల్డ్ దగ్గర తేలింది. ఎవరో కాష్ పెట్టి, కీ కోసం ఒక క్లాస్ రాసి, అందులో ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ (రెండు కీలు ఒకటేనా అని తేల్చేవి) మర్చిపోయారు. ఒకే కస్టమర్ వందసార్లొస్తే వంద ఎంట్రీలు, వెతికితే ఒక్కటీ దొరకదు. (ఆ ఎవరో నేనే.)

మీకు రూట్ ఏదైనా థ్రెడ్ దగ్గర తేలితే థ్రెడ్‌లోకల్‌ని (ఒక్కో థ్రెడ్‌కి విడిగా విలువ దాచేది) అనుమానించండి. పూల్‌లో థ్రెడ్లు పనయ్యాక చావవు, మళ్ళీ వాడుకుంటారు, రిమూవ్ పిలవకపోతే అందులో పెట్టింది అలాగే ఉండిపోతుంది.

ఒక్క డంప్‌తో తేల్చేయకుండా, రీస్టార్ట్ చేసిన గంటకొకటి, మర్నాడొకటి తీసి పోల్చండి. డంప్ తీస్తున్నంతసేపూ సర్వర్ ఆగిపోతుంది కాబట్టి ముందు ఆ మెషీన్‌ని లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులు సర్వర్లకి పంచేది) నుంచి తప్పించండి. అవుట్ ఆఫ్ మెమరీ రాగానే తనంతట తనే డంప్ రాసే ఆప్షన్ జేవీఎంలో (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది) ఉంది, అది ఆన్ చేసి డిస్క్‌లో హీప్ అంత ఖాళీ ఉంచండి. కంటెయినర్ మెమరీ లిమిట్ దాటి కర్నెలే (ఆపరేటింగ్ సిస్టమే) చంపేస్తే, అంటే 137 కోడ్‌తో పోతే, ఆ డంప్ రాదు.

డంప్ మాత్రం పంపకండి బాబూ, పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల ఫోన్ నంబర్లు అందులో ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. డామినేటర్ ట్రీ స్క్రీన్‌షాట్ చాలు, అదీ విలువలు కనబడకుండా చూసుకుని.